ఓదు, ఒద్దు

మా పెంకులబడిలో ఆఫీసు గదికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఉన్న గోడ పైకప్పును తాకేది కాదు. ఎప్పుడో మిషన్ దొరలు కట్టించినప్పుడు గాలి ఆడాలని అలా వదిలేశారట. గాలి సంగతేమో గాని పాఠాలన్నీ వచ్చి నా బల్ల మీద పడేవి. పదహారేళ్ళు నేను అక్కడ క్లర్కును. గోడ అవతల తెలుగు చెప్పేది నా భార్య కృపమణి. ఇంట్లో భార్య మాట వినడని పేరుబడ్డ మనిషిని, బడిలో మాత్రం రోజుకు రెండు పీరియడ్లు తప్పించుకోలేక విన్నాను.

ప్రతి జూన్‌లో మొదటి రోజు ఆమె చెప్పే పాఠం ఒకటే. బోర్డు మీద రెండు మాటలు రాసేది. ఓదు. ఒద్దు.

"ఇది కన్నడం. ఓదు అంటే చదువుకో అని. ఇది మన తెలుగు. ఒద్దు అంటే అక్కర్లేదు అని. మీ ఇండ్లల్లో రెండు బాసలూ కలిపే మాట్లాడతారు. మీ అవ్వ ఓదు అనిందో, ఒద్దు అనిందో సరిగ్గా ఇనకపోతే ఏమైతాది?"

"చదువు పోతాది అక్కోరూ," అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. మావైపు ఆడ టీచర్లను అక్కోరు అనే పిలుస్తారు. తర్వాత ఆమె దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని చూపించేది. నేను ఇవతల అడ్మిషన్ల పుస్తకంలో పేర్లు ఎక్కించుకుంటూ, ఈవిడకు ఏటా ఇదే హాస్యమా అనుకునేవాణ్ణి. ఆ పాఠం పదహారుసార్లు విన్నాను. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మూడేళ్ళ కిందటి వేసవిలో మా బడినీ మేడబడినీ కలిపేశారు. మేడబడి అంటే బజారు వర్తకులు వాళ్ళ ట్రస్టు తరఫున నడుపుకునే హైస్కూలు. రెండు బళ్ళలోనూ బెంచీలు ఎక్కువై పిల్లలు తక్కువయ్యారు. బళ్ళారి బైపాస్ అవతల, జీన్స్ ఉతికే యూనిట్లు దాటాక, ఇద్దరికీ కలిపి కొత్త క్యాంపస్ లేచింది. ఇద్దరి తరఫునా ఒక కమిటీ వేశారు. దానికి సెక్రటరీ జితేంద్ర. బజార్లో మూడు తరాల చీరల కొట్టు వాళ్ళది. గట్టిగా మాట్లాడి ఎరగడు. కాఫీ ఇవ్వకుండా ఎవరికీ చేదు మాట చెప్పడు.

మార్చి ఆఖర్లో నన్ను మేడబడికి పిలిపించి కాఫీ ఇచ్చాడు.

"జాబెజప్పా, అక్కడ ఆఫీసు ఒకటే ఉంటాది. ఇద్దరు క్లర్కులు ఎందుకు? మా వాడు రిటైరు అయితాండాడు. మీరే చూసుకుంటారు, ఆ మాట కమిటీలో అయిపోయింది. తెలుగు సంగతే తెగలేదు. ఇంగ ఎనిమిదిలో తెలుగు మొదటి భాషగా పెట్టాలంటే ఇరవై అయిదు మందైనా ఉండాలంటాండారు. మే ఇరవై లోపల."

"లేకపోతే సార్?"

"లేకపోతే ఎనిమిదో తరగతి తెలుగు ఎత్తేస్తాం. మేడంగారికి ఏం కాదు. తొమ్మిది, పది పిల్లలు అయిపోయేదాకా పాఠాలు, మిగిలిన టైము లైబ్రరీ. నీడ పట్టున కూర్చోవచ్చు. సుమ్నె టెన్షన్ ఎందుకప్పా?"

సుమ్నె అంటే ఊరికే అని. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంటికి వచ్చేదాకా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. నిజంగానే ఎందుకు ఊరికే టెన్షన్?

కృపమణికి చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఇరవై అయిదా? మన ఎలిమెంటరీలో ఏడు పాసైన పిల్లోళ్ళే ఇరవై ఎనిమిది మంది ఉండారు. నేను తెస్తా," అంది. మళ్ళీ తినడం మొదలుపెట్టింది. ఆమెకు అది అయిపోయిన పని.

అయిపోయిన పని కాదని ఏప్రిల్ మొదటి వారంలోనే తెలిసింది. ప్రతి పిల్లకూ తల్లో తండ్రో సంతకం పెట్టిన ఫారం కావాలి. తెలుగు మాట్లాడే ఇళ్ళే అన్నీ. కాని ఫారం చూడగానే వాళ్ళకు కన్నడం గుర్తొచ్చేది. ఉద్యోగాలు, కోటాలు, పిల్ల రేపు ఆఫీసుల్లో ఏం మాట్లాడుతుంది అని ప్రశ్నలు. వాళ్ళ భయం తప్పని నేనూ అనలేను. కృపమణి మాత్రం స్కూటర్ వెనక కూర్చుని, ఫారాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఏ ఇంటికి ఏ టైముకు పోవాలో నాకు చెప్పేది. బళ్ళారి ఏప్రిల్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు.

ఒకరోజు దుర్గప్ప ఇంటికి వెళ్ళాం. జీన్స్ యూనిట్లో పని చేస్తాడు, మోచేతుల దాకా నీలి రంగు. మర్యాదగా చాప వేశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. కన్నడం రెండో భాషగా ఎట్లాగూ వస్తుందనీ, సొంత మాటలో నాలుగు పేజీలు తప్పుల్లేకుండా రాయగలిగినవాడు ఏ మాటైనా నేర్చుకుంటాడనీ ఆమె చెప్పింది. అన్నీ విని అతను అడిగాడు.

"అంతా బాగుండాది అక్కోరూ. మీ పాప యాడ చదువుతాంది?"

మా షెకైనా అప్పుడు ఎనిమిది పూర్తి చేసింది, ఊళ్ళో ఇంగ్లీషు మీడియం స్కూల్లో. మొదటి భాష ఇంగ్లీషు, రెండోది కన్నడం. తెలుగు అక్షరాలు వాళ్ళమ్మ ఇంట్లో నేర్పింది గాని ఏ పుస్తకమూ చదివి ఎరగదు. ఆ స్కూల్లో వేసింది నేను. ఏడు రోజులు కొట్లాడి మరీ వేశాను.

కృపమణి తల వంచుకోలేదు. "నా పాప విషయంలో నేను ఓడిపోతి దుర్గప్పా. అందుకే నీ కొడుకు కోసం వచ్చినా," అంది.

అతను నవ్వాడు, సంతకం పెట్టాడు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు, "పరాయి ఇంట్లో నా పరువు తీయడమెందుకు?" అన్నాను. ఆ నెలంతా ఆమెను బండి మీద తిప్పుతూనే ఉన్నాను గాని, మనసులో మాత్రం లెక్క వేరుగా నడిచింది. ఇరవై అయిదూ రాకపోతే ఏమౌతుంది? ఈమె నీడ పట్టున కూర్చుంటుంది. సాయంత్రాలు ఇంట్లో ఉంటుంది. నేను సుఖంగా కొత్త కుర్చీలో కూర్చుంటాను. వచ్చే వేసవి మళ్ళీ ఈ తిరుగుడు ఉండదు. ఆమె మేలు కోసమే ఇలా అనుకుంటున్నానని అప్పుడు నాకు గట్టి నమ్మకం.

మే పద్దెనిమిదిన కౌల్‌బజార్‌లో ఒక ఇంటి మెట్ల మీద ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. వడదెబ్బ అన్నాడు డాక్టరు. సెలైన్ ఎక్కించి రెండు రోజులు మంచం దిగొద్దన్నాడు. అప్పటికి ఫారాలు ఇరవై నాలుగు. ముగ్గురు కన్నడం రాసేశారు. మిగిలింది ఒక్క సహన.

సహనది తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ. తల్లీ తండ్రీ లేరు, అవ్వ ఉచ్చెంగమ్మ సాకింది. బడి రోజుల్లో మా మిషన్ హాస్టల్లో ఉండేది, సెలవులకు ఊరికి పోయింది. అవ్వ ఫోను ఎప్పుడు చేసినా మోగి ఆగిపోతుంది, లేకపోతే స్విచాఫ్. దూరం ఊళ్ళవాళ్ళయితే ఫోనులో అడిగి, క్లర్కు రాసి సంతకం పెడితే చాలని కమిటీ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ క్లర్కు నేనే.

ఇరవై తేదీ పొద్దున కృపమణి మంచం మీద నుంచే చెప్పింది. "ఫోనును నమ్ముకోవద్దప్పా. తొమ్మిదిన్నరకు సిరుగుప్ప బస్సు ఉండాది, ఆణ్ణుంచి ఆటో. ఆ అవ్వతో ఎదురుగా కూర్చొని మాట్లాడు. సాయంత్రం అయిదు లోపల ఫారం ఇయ్యల్ల గదా, మూడుకల్లా వచ్చేస్తావు."

"సరే," అన్నాను. ఫారం జేబులో పెట్టుకున్నాను కూడా.

బస్టాండుకు పోయే దారిలోనే బడి. మేడబడి వాళ్ళు పంపిన లారీ వచ్చి ఉంది. మా అటెండర్ హొన్నూరుస్వామి బీరువాలు ఎక్కించే మనుషులతో పోట్లాడుతున్నాడు. రిజిస్టర్లు తడవకుండా కట్టించి పదకొండు బస్సుకు పోదామనుకున్నాను. పదకొండు పోయి రెండయింది. రెండింటికి బయల్దేరితే అయిదుకు తిరిగి రాలేనని లెక్క చూసుకుని కూర్చున్నాను. ఆ లెక్క చూసుకోవడంలో నేనెంత నిమ్మళంగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగింటికి ఫోను చేశాను. మూడో మోతకు ఎత్తారు. వెనక నది గాలో, నీళ్ళ మోటారో, ఒకటే హోరు.

"యారు?" అంది ముసలి గొంతు.

"బళ్ళారి స్కూలు క్లర్కును మాట్లాడతాండా అవ్వా. మీ సహనకు తెలుగు పెట్టల్లా, కన్నడం రాయల్లా? ఈపొద్దే చెప్పల్ల."

హోరు. తర్వాత గొంతు పెద్దది చేసుకుని ఏదో అంది. నాకు అందింది రెండు ముక్కలు. "తెలుగు..." ఆ తర్వాత, "...ద్లే."

ఒద్దులే. మావైపు తొందరగా అంటే ఒద్లే. స్పష్టంగానే వినబడింది.

"సరే అవ్వా," అన్నాను. ఆమె ఇంకేదో మొదలుపెట్టింది, లైను తెగింది.

నేను మళ్ళీ చెయ్యలేదు. ఒకసారి విన్నది రెండోసారి అడగనని నాకు క్లర్కు గర్వం ఒకటి ఉండేది. దాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఫారం తీసి, "తెలుగు వద్దన్నారు" అని రాశాను. సంతకం చేసేముందు ఎందుకో తల ఎత్తి గోడ వైపు చూశాను. అవతల తరగతి ఖాళీ, బోర్డు అప్పటికే లారీ ఎక్కింది. సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగింది బాధ కాదు. బరువు దిగినట్టయింది.

ఇంటికి పోయేసరికి ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. "పోయొచ్చినావా?"

"లారీ వచ్చె. పోలేకపోతి. ఫోన్లో దొరికింది. ఒద్దు అనింది."

"అవ్వే మాట్లాడిందా?"

"అవ్వే."

ఆమె బైబిల్లో పెట్టుకున్న పేర్ల కాగితం తీసి, ఇరవై నాలుగు పేర్లూ ఒకసారి చూసి, మడిచి మళ్ళీ అక్కడే పెట్టేసింది. "ఒద్దు అంటే ఏం చేస్తాంలే. ఆమె బిడ్డ, ఆమె ఇష్టం," అంది. నా మాట మీద అనుమానం రాలేదు ఆమెకు. పదిహేడేళ్ళ కాపురంలో నన్ను అంత సులువుగా నమ్మడం అదే ఆఖరుసారి.

జూన్ ఒకటిన కొత్త క్యాంపస్ తెరిచారు. మామిడాకుల తోరణాలు, ఒక పక్క పూజ, ఒక పక్క మా పాస్టరుగారి ప్రార్థన. రెండు బళ్ళ పిల్లలు రెండు రంగుల యూనిఫాంలలో, ఒకరి పక్కన ఒకరు నిలబడమంటే నిలబడక. ఆఫీసుకు అద్దాల గోడలు, ఏసీ. అద్దంలోంచి అందరూ కనబడతారు, ఒక్క మాట వినబడదు. కృపమణికి లైబ్రరీ తాళంచెవి ఇచ్చారు. ఇంకా విప్పని పుస్తకాల మూటల మధ్య ఆమెకొక కుర్చీ వేశారు.

పదకొండు గంటలప్పుడు ఒక ముసలావిడ అద్దం తలుపు ఎటు తెరవాలో తెలియక అరచేత్తో తడుతోంది. పక్కన సహన. నేనే వెళ్ళి తీశాను. ఆవిడ చంకలో చిన్న బియ్యం మూట.

"కెంచనగుడ్డ నుంచి వచ్చినామప్పా. తెలుగక్కోరు యాడ ఉండారు? ఇవి మా కొత్త బియ్యం, ఆయమ్మకి ఇయ్యల్ల."

"తెలుగక్కోరితో ఏం పని అవ్వా?"

"ఏం పనంటావేందప్పా? పిల్లని ఆయమ్మ చేతిలో పెట్టిపోదామని వస్తి. హాస్టల్లో ఉన్నప్పుడు దీని జ్వరానికి రాత్రిపగలు కూర్చునిందంట. ఆయమ్మ కాడే చదవల్లని ఇదీ ఒకటే పోరు."

"నేను ఫోన్ చేస్తి గదా అవ్వా, నువ్వు..."

"చేస్తివి. చెప్పితిని గదా నీకు, తెలుగు ఓద్లి అని."

ఓద్లి. చదవనీ. చదువుకోనీ. ఆఫీసు నుంచి ఫోను అనగానే ఊళ్ళవాళ్ళు తెలుగులో నాలుగు కన్నడ మాటలు కలుపుతారు, అది మర్యాద అనుకుంటారు. నాకు తెలియనిదా? పుట్టింది బళ్ళారిలో, పెరిగింది బళ్ళారిలో.

వెనక ఎవరో ఉన్నారనిపించి తిరిగాను. కృపమణి. సహనను చూసి లైబ్రరీ నుంచి వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"అవ్వా, ఏమని చెప్తివి? ఇంగోసారి చెప్పు," అంది నెమ్మదిగా.

"ఓద్లి అంటినమ్మా. తెలుగు ఓద్లి. తప్పా?"

"తప్పు లేదవ్వా." కృపమణి బియ్యం మూట అందుకుంది. సహన తల మీద చెయ్యి పెట్టింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

నేను జితేంద్ర దగ్గరికి పరిగెత్తాను. దాచకుండా చెప్పాను, నేనే తప్పు విన్నానని. తప్పు విన్నానన్నంత వరకే చెప్పాను. కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, ఆయన ఎంతో నొచ్చుకున్నాడు. "లిస్టు పైకి పోయింది జాబెజప్పా. పిల్లలందరికీ కన్నడ పుస్తకాలు ఇచ్చేసినాం. మీ సంతకం ఉండాది, నేనేమని తిరగరాయల్ల? ఇప్పుడు కదిలిస్తే మాట మీకే వస్తాది. వచ్చే సంవత్సరం చూద్దాం."

వచ్చే సంవత్సరం ఎవరూ చూడలేదు. ఒకసారి ఎత్తేసిన తరగతిని మళ్ళీ పెట్టమని అడిగేవాళ్ళు ఉండరు. అడగగలిగిన ఒక్క మనిషి నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఉచ్చెంగమ్మ ఇచ్చిన బియ్యమే వండింది. షెకైనా తిని లేచాక, నా కంచం వైపు చూస్తూ అడిగింది. "నీకు నిజంగా అట్లే ఇనపడిందా?"

"ఇనపడింది."

ఆ మాట అబద్ధమని ఇప్పటికీ అనలేను. కాని ఆమె అడిగింది నా చెవుల సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

"పదారేండ్లు," అంది. "గోడ అవతలే గదా కూర్చునింటివి." అంతే. అరిచి ఉంటే, ఏడ్చి ఉంటే, నేనూ ఏదో ఒకటి అని గట్టెక్కేవాణ్ణి. కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

సహన కన్నడంలో బాగానే చదివింది, ఆ పిల్లకేమీ కాలేదు. దుర్గప్ప కొడుకూ బాగానే ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఇవన్నీ పనికొస్తాయి. రెండేళ్ళకు ఆఖరి తెలుగు పదో తరగతి వెళ్ళిపోయింది. లైబ్రరీలో రోజంతా కూర్చోవడం కృపమణి వల్ల కాలేదు. గుంతకల్లులో ఒక స్కూల్లో తెలుగు టీచరు కావాలంటే వెళ్ళి అడిగి చేరింది. పొద్దున్నే రైలు, తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ఆమె నీడ పట్టున ఉంటుందనుకున్నాను. ఇప్పుడు మనిషే కనబడదు. అక్కడ కన్నడం లేదు కాబట్టి, మొదటి రోజు ఆ పాఠం చెప్పదట. షెకైనా చెప్పింది, నాతో ఆమె అనలేదు.

ఈమధ్య నాకొక కొత్త అలవాటయింది. ఏదైనా ఆమె చెప్పింది రెండోసారి అడుగుతాను. నిన్న పొద్దున కూడా ఆమె క్యారియర్ సంచిలో పెట్టుకుంటుంటే బండి తాళం చేతిలో పట్టుకుని అడిగాను. "స్టేషన్ దాకా దింపల్లనా?"

"ఒద్దులే," అంది చెప్పులు తొడుక్కుంటూ.

"ఏమంటివి?"

గుమ్మం దగ్గర ఆగింది. కోపం లేదు ముఖంలో. పిల్లలకు చెప్పినట్టు, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తి చెప్పింది.

"ఒద్దు అంటి. ఈసారి సరిగ్గానే ఇన్యావులే."